హగి టీ గిన్నె: కొత్తగా తెచ్చుకుని, వాడుతూ, వయసు రానివ్వడం ఎలా

జపాన్‌లోని హగి ఊళ్లో చేసే మట్టి టీ గిన్నె కొత్తది తెచ్చి, అందులో నీళ్లు పోసి చెక్క బల్ల మీద పెట్టారనుకోండి. కాసేపయ్యాక ఎత్తి చూస్తే అడుగున గుండ్రంగా తడి మరక కనిపించవచ్చు. గిన్నె ఎక్కడో పగిలిందని టెన్షన్ పడకండి, షాపువాళ్లు అంటగట్టారనీ అనుకోకండి. ఆ మట్టి తీరే అంత. కొంచెం నీళ్లు పీలుస్తుంది, కొంచెం వదులుతుంది. అందులో టీ తాగుతూ పోతే కొన్నాళ్లకు ఆ చెమ్మ దానంతటదే తగ్గుతుంది. ఆలోగా లోపలి సన్న గీతలు ఒక్కొక్కటే తేలుతాయి, రంగు తిరుగుతుంది, అక్కడక్కడ మచ్చలు పడతాయి. జపాన్‌లో టీ అలవాటున్నవాళ్లు దీన్ని ‘హగి నో ననబకే’ అంటారు, హగి ఏడు వేషాలు వేస్తుందని. గిన్నెలు కొనేది కూడా ఈ వేషాలు చూడ్డానికే.

ఇందుకోసం మీరు చేయాల్సింది చాలా తక్కువ. టీ ఎంత ఖరీదైనది, ఎంత బాగా గిలక్కొట్టారు అన్నది గిన్నెకు పెద్దగా పట్టదు. తాగిన ప్రతిసారీ అది లోపలిదాకా ఆరిందా లేదా అన్నదే పడుతుంది. గిన్నె రంగు బాగా తిరగడమో, బూజు పట్టి కంపు కొట్టడమో తేలేది అక్కడే. అందుకే కింద ఆరబెట్టే భాగం కొంచెం ఎక్కువగా రాశాను.

ముందు మట్టి సంగతి

హగి అనేది జపాన్‌లో యమగుచి రాష్ట్రంలో సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు. 1592 నుంచి 1598 దాకా అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీద చేసిన యుద్ధాల్లో అక్కడి కుమ్మరులను చాలామందిని జపాన్‌కు పట్టుకొచ్చారు. అలా వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు మోరి వంశపు ప్రభువు అండలో ఉన్నారు. 1600లో సెకిగహర యుద్ధంలో ఓడిన పక్షాన ఉన్నందుకు మోరి వాళ్ల రాజ్యం బాగా కుదించుకుపోయింది, హిరోషిమా వదిలి హగికి రావాల్సి వచ్చింది. 1604లో కోట హగికి మారాక కుమ్మరులూ వెంట వచ్చి ఆవం పెట్టారు. అన్నదమ్ముల్లో చిన్నవాడికి తర్వాత 1625లో ‘సక కొరైజాఎమోన్’ అనే పేరు దక్కింది. ఆ పేరు ఇప్పటికీ ఆ ఇంట్లో తరతరాలుగా నడుస్తోంది. కొరియా పల్లెల్లో వాడుకునే గిన్నెల్లాంటివి జపాన్ టీ గదుల్లో అంత గౌరవం పొందడం వెనక ఈ బలవంతపు వలస ఉంది. గిన్నె అందం గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి దాటేయడం నాకు సరిగా అనిపించదు.

ఇక్కడ ముఖ్యంగా వాడేది దైదో మట్టి. ఇసుక, చిన్న రాళ్లు కలిసిన తెల్లని మట్టి ఇది. వేడికి బాగా ఓర్చుకుంటుంది. సుమారు 1200 డిగ్రీల దగ్గర కాల్చినా పింగాణీలా గట్టిగా కరిగి ఒకటైపోదు, లోపల ఖాళీలు మిగులుతాయి. ఊరికి ఉత్తరంగా సముద్రంలో ఉన్న మిషిమా దీవి నుంచి ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి తెచ్చి రంగు కోసం కలుపుతారు. పైన పూసే గ్లేజు, అంటే గాజులాంటి పూత, చెట్ల బూడిదతోనో, తెల్లగా చిక్కగా కావాలంటే వరిగడ్డి బూడిదతోనో చేస్తారు. ఆవంలోంచి వచ్చి చల్లారేటప్పుడు మట్టి ఒకలా, గ్లేజు ఒకలా ముడుచుకుంటాయి. గ్లేజు ఎక్కువ ముడుచుకోవాలని చూస్తుంది, కింద మట్టి రానివ్వదు. ఆ లాగుడుకు గ్లేజు అంతటా వెంట్రుకల్లాంటి బీటలు వస్తాయి. జపనీయులు వీటిని ‘కన్‌న్యూ’ అంటారు. టీ ఈ బీటల్లోంచి దిగి కింది మట్టిలోకి ఇంకుతుంది. రంగు మారడానికి కారణం ఇంతే.

కొనేటప్పుడు ఏం చూడాలి

మారే గిన్నె కావాలంటే ముందు మారే రకం ఎంచుకోవాలి. టీ గిన్నెల్లో మొదట రాకు, రెండు హగి, మూడు కరత్సు అని జపాన్‌లో పాత వరస ఒకటి ఉంది. రాకు క్యోటోది. 16వ శతాబ్దంలో టీ గురువు సెన్ నో రిక్యూ కోసం చోజిరో అనే కుమ్మరి మొదలుపెట్టినది. చక్రం మీద కాకుండా చేత్తో మలుస్తారు, ఇంకా మెత్తగా ఉంటుంది, మరింత జాగ్రత్త కావాలి. కరత్సు కొంచెం గట్టిది, నెమ్మదిగా మారుతుంది. పింగాణీ గిన్నె ఎన్నేళ్లు వాడినా కొన్న రోజు ఉన్నట్టే ఉంటుంది. అది తప్పేమీ కాదు, మీకు కావాల్సింది అదైతే ఈ వ్యాసం అవసరం లేదు. మొదటి గిన్నెగా నేను హగినే చెబుతాను. ధరల్లో అన్ని మెట్లూ ఉంటాయి, మార్పు కంటికి తెలుస్తుంది, చిన్న పొరపాట్లను క్షమిస్తుంది.

చేతిలోకి తీసుకున్నాక తిప్పి అడుగు చూడండి. గ్లేజు పూయని పాదం కనిపించాలి. అక్కడ మట్టి గరుకుగా, ఇసుక పలుకులతో ఉంటే మంచిదే. పాదంలో ఒకచోట కత్తితో కోసినట్టు గంటు ఉండవచ్చు. అది దెబ్బ కాదు, హగిలో కావాలనే పెడతారు. మామూలు జనం వాడుకోడానికి వీలుగా గిన్నెను కావాలని ‘చెడగొట్టి’ అమ్మేవారని ఒక కథ చెబుతారు. కథగా బాగుంది కానీ, కొరియా గిన్నెల్లోనే ఇలాంటి పాదాలు ఉన్నాయి.

తర్వాత గిన్నె లోపలిభాగాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. సన్న బీటలు అల్లిక పనిలా అంతటా ఉంటే అవి గ్లేజువి. ఒకే గీత లోపలా, బయటా ఒకే చోట కనిపిస్తే, గోటితో మెల్లగా రాస్తే తగులుతుంటే అది నిజమైన పగులు. వేలితో తట్టి శబ్దం వినే పద్ధతి హగి దగ్గర పనికిరాదు. మట్టి మెత్తనిది కాబట్టి మంచి గిన్నె కూడా కొంచెం మొద్దుగానే పలుకుతుంది.

షాపులో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నీరు కారకుండా ఏదైనా పూత వేశారా? ఇప్పుడు వస్తున్న హగి కప్పులు, ప్లేట్లు చాలావాటికి అలాంటి పూత ఉంటుంది. రోజువారీ వాడకానికి అది సుఖమే. కానీ టీ లోపలికి ఇంకదు కాబట్టి వయసు కూడా సరిగా రాదు. మార్పు కోసం కొంటుంటే పూత లేనిది అడగండి.

రంగుల్లో రెండు ముఖ్యం. లేత నారింజ ఛాయ ఉన్న గిన్నెలు త్వరగా, మెత్తగా మారతాయి. వరిగడ్డి బూడిదతో చేసే చిక్కని తెల్ల గ్లేజు మందంగా ఉంటుంది, నిదానంగా మారుతుంది. ఈ తెలుపును గొప్ప స్థాయికి తీసుకెళ్లినది మివ కుటుంబం. ఆ ఇంటి పదో తరం మివ క్యూసెత్సుకు 1970లో, తమ్ముడైన పదకొండో తరానికి 1983లో ‘సజీవ జాతీయ సంపద’ గౌరవం దక్కింది. వాళ్ల గిన్నెలు మనం కొనే ధరలో దొరకవు, మ్యూజియంలో చూడాల్సిందే. హగి వెళ్లే వీలుంటే షిన్-యమగుచి స్టేషన్ దాకా బుల్లెట్ ట్రైన్, అక్కడి నుంచి బస్సు. మే మొదట్లో జపాన్ సెలవుల రోజుల్లో హగిలో కుండల సంత జరుగుతుంది. జపాన్‌లో ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లకు అది మంచి అవకాశం. తిరిగి వచ్చేటప్పుడు గిన్నెను సూట్‌కేసులో వేసి చెక్-ఇన్ చేయకండి, చేతిసంచీలోనే పెట్టుకోండి.

పాత సామాను అంగళ్లలో దొరికే రాకు గిన్నెల గురించి ఒక హెచ్చరిక. పూర్వం రాకు గ్లేజుల్లో సీసం వాడేవారు. ఎప్పటిదో, ఎవరు చేశారో తెలియని పాత గిన్నెను షెల్ఫులో పెట్టి చూసుకోండి, టీ మాత్రం తాగకండి.

మొదటి రోజు: నానబెట్టడం

నీళ్లలో పెట్టేముందు వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నెను తూచి, ఆ బరువు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. పూర్తిగా ఎండిన గిన్నె బరువు ఇది. ఎందుకో ఆరబెట్టే దగ్గర చెబుతాను.

పెద్ద గిన్నెలోనో, ప్లాస్టిక్ టబ్బులోనో అడుగున మెత్తని బట్ట పరిచి, గోరువెచ్చని మంచినీళ్లు పోసి, టీ గిన్నెను నిదానంగా పక్కకు వంచి దింపండి. ఫిల్టర్ నీళ్లైతే మంచిది. హైదరాబాద్ బోరు నీళ్లలాంటి ఉప్పు నీళ్లు వాడితే ఆరినప్పుడు పాదం మీద తెల్లటి పొడి తేలుతుంది, బీటల్లో కూడా అదే చేరుతుంది. దాన్ని తీయడానికి నిమ్మరసం, వెనిగర్ వాడితే గ్లేజుకు మంచిది కాదు. కాబట్టి మొదటి నుంచే నీళ్ల విషయంలో జాగ్రత్త పడండి.

గిన్నె మునగగానే పాదం దగ్గర కొద్దిసేపు ఆగి చూడండి. గ్లేజు లేని మట్టిలోంచి సూదిమొన అంత బుడగలు వరసగా లేస్తాయి. ఒక బుడగ తెగిన చోటే మళ్లీ ఇంకోటి పుడుతుంది. లోపల ఖాళీల్లోని గాలి వెళ్లి నీరు చేరుతోందన్నమాట. లేత రంగు మట్టి కళ్లముందే ఒక ఛాయ ముదురుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి వాసన. బుడగలు ఆగిపోయాయి కదా అని తీసేయకండి. సగం రోజో, రాత్రంతానో అలాగే ఉంచండి. తర్వాత తీసి, తుడిచి, కింద చెప్పినట్టు బాగా ఆరబెట్టాకే తొలి టీ.

ఇలా ఎందుకంటే, పొడిగా ఉన్న కొత్త గిన్నెలో నేరుగా టీ పోస్తే మట్టి దాహంతో ఒక్కసారిగా లాగేస్తుంది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఇంకి మురికి పట్టినట్టు కనిపిస్తుంది. ముందు మంచినీళ్లు తాగించి ఉంచితే టీ మెల్లగా, కొద్దికొద్దిగా చేరుతుంది.

ఇక్కడ చాలామందికి వచ్చే ప్రశ్న: బియ్యం కడిగిన నీళ్లలో ఉడకబెట్టాలా? మనం కొత్త మట్టికుండను గంజితో వాడకానికి తెచ్చినట్టే, జపాన్‌లోనూ ఈ పద్ధతి ఉంది. పిండిపదార్థం మట్టి రంధ్రాల్లో చేరి లీకేజీ తగ్గిస్తుంది. కూరలు, పులుసు వడ్డించే హగి పాత్రలకు ఇది మంచిదే. టీ గిన్నెకు మాత్రం నేను వద్దనే అంటాను. టీ వెళ్లాల్సిన దారుల్లో గంజి కూర్చుంటుంది, సరిగా ఆరకపోతే బూజుకు తిండి కూడా అదే. కొన్ని వారాలు వాడినా బల్ల తడుస్తూనే ఉంటే అప్పుడు చేయండి. అడుగున బట్ట వేసిన వెడల్పు గిన్నెలో, చల్లటి బియ్యం నీళ్లలోనే టీ గిన్నెను పెట్టి, సన్న సెగ మీద మెల్లగా వేడెక్కించి, చిన్నగా మరుగుతున్నప్పుడు 15 నుంచి 20 నిమిషాలు ఉంచి, స్టవ్ ఆపి, ఆ నీళ్లలోనే పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి గిన్నెను చల్లనీళ్ల కింద పెడితే పగులుతుంది. రాకు గిన్నెకైతే ఈ పని అసలు చేయొద్దు.

ప్రతిసారీ టీ తాగేటప్పుడు

వాడే ముందు గిన్నెను గోరువెచ్చని నీళ్లలో ఒక ఐదు నిమిషాలు ఉంచండి. మొదటి రోజు నానబెట్టినంత సేపు అక్కర్లేదు, మట్టి తడిస్తే చాలు. ఆ నీళ్లు పారబోసి, వేడినీళ్లు కొంచెం పోసి తిప్పి, అవీ పారబోసి, లోపల తుడవండి. ఇప్పుడు గిన్నె చేతికి వెచ్చగా ఉంటుంది.

మాచా అంటే మెత్తగా పొడి చేసిన గ్రీన్ టీ. మామూలు పల్చటి మాచాకు సుమారు 2 గ్రాముల పొడి, 70 మిల్లీలీటర్ల నీళ్లు. మరిగిన నీళ్లు కాసేపు ఆగి 80 డిగ్రీల దగ్గరికి వచ్చాక పోయాలి. వెదురు కవ్వంతో, అంటే చసేన్‌తో, అడుగుకు గుచ్చకుండా ముందుకూ వెనక్కూ వేగంగా ఆడించాలి. కవ్వాన్ని అడుగుకేసి రుద్దితే గ్లేజుకు గీతలు పడవు కానీ కవ్వం పుల్లలు విరుగుతాయి. మాచా లేకపోతే మామూలు గ్రీన్ టీ పోసుకుని తాగినా గిన్నెకు వయసు వస్తుంది, రంగు కొంచెం వేరేగా తిరుగుతుందంతే.

పాల టీ, కాఫీ, మసాలా చాయ్ ఇందులో పోయకండి. అలవాటు కొద్దీ ఎవరైనా పోస్తారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. పాలలోని వెన్న, మాంసకృత్తులు బీటల్లోకి దిగితే మళ్లీ బయటికి రావు. రెండు మూడు రోజుల్లో ముక్క వాసన మొదలవుతుంది. తర్వాత ఎంత మంచి మాచా పోసినా ఆ వాసనే వస్తుంది. నూనె, నెయ్యి తగిలిన చేతులతో పట్టుకోవద్దనేది కూడా ఇందుకే. పండగపూట గారెలు తిన్న చేత్తో గిన్నె ఎత్తితే పాదం మీద వేలి గుర్తులు ఉండిపోతాయి.

తాగేశాక టీని అడుగున వదిలేసి కబుర్లలో పడకండి. వీలైనంత త్వరగా వేడినీళ్లతో రెండుసార్లు కడిగి, వేళ్లతో మెల్లగా రుద్ది, మెత్తని నూలుబట్టతో తుడవండి. పాత పంచె ముక్క ఇందుకు భేషైన బట్ట. గిన్నెలు తోమే సబ్బు, లిక్విడ్ వద్దు, మట్టి వాటినీ పీల్చుకుని తర్వాత టీలో వదులుతుంది. స్టీల్ పీచు, డిష్‌వాషర్, మైక్రోవేవ్ మాటే వద్దు. ఇంట్లో గిన్నెలు తోమడానికి మనిషి వస్తుంటే ముందే చెప్పి ఉంచండి. సింకు పక్కన పెట్టిన హగి గిన్నె మామూలు గిన్నెలతో కలిసిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఆరబెట్టడం

చేత్తో తాకితే పొడిగా ఉంది కదా అని పెట్టెలో పెట్టేయడం అందరూ చేసే పొరపాటు. గ్లేజు ఉన్న భాగం పావుగంటలో పొడిగా అనిపిస్తుంది. గ్లేజు కింద మట్టిలో ఉన్న నీటికి బయటికి వచ్చే దారి బీటలు, పాదం మాత్రమే. అది రోజుల పని.

తుడిచాక గిన్నెను బోర్లించండి, కానీ బల్ల మీద అంటించినట్టు కాదు. లోపలికి గాలి ఆడాలి. వెదురు చాప ముక్క మీదో, కేకులు చల్లార్చే తీగల స్టాండ్ మీదో కొంచెం ఏటవాలుగా పెట్టండి. ఇలా పెడితే గ్లేజు లేని పాదం పైకి ఉంటుంది, తేమ ఎక్కువగా పోయేది అక్కడి నుంచే. మర్నాడు మామూలుగా నిలబెట్టి ఇంకో రోజు ఉంచండి. నీడ, గాలి కావాలి. మండుటెండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పట్టకండి. పైభాగం ఒక్కసారిగా ఎండి లోపల తడిగా ఉంటే టీలోని రంగు అంచుల దగ్గరే పేరుకుని గట్టి వలయాలు పడతాయి.

ఎన్ని రోజులు అనేది మీరున్న ఊరిని బట్టి ఉంటుంది. వేసవిలో హైదరాబాద్‌లోనో, కర్నూలులోనో రెండు మూడు రోజులు సరిపోవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాల్లోనే తేమ ఉంటుంది, వానాకాలంలో వారం దాటినా పాదం చల్లగానే ఉండొచ్చు. ఏసీ నడిచే గదిలో పెడితే త్వరగా ఆరుతుంది. చలికాలంలో హీటర్లు నడిచే అమెరికా ఇళ్లలో ఇంకా త్వరగా.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి రెండు మార్గాలు. ఒకటి, పాదాన్ని చెంపకు ఆనించడం. చేతివేళ్లకు తెలియని తడి చెంపకు తెలుస్తుంది, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. రెండోది, మొదటి రోజు రాసుకున్న బరువు. తూచి చూడండి. ఆ అంకె దగ్గరికి వచ్చి, మర్నాడు తూచినా అలాగే ఆగితే ఆరినట్టే. మొదట్లో కొన్నిసార్లు తూస్తే మీ ఇంట్లో ఏ కాలంలో ఎంత పడుతుందో పట్టు దొరుకుతుంది, ఆ తర్వాత త్రాసు అవసరం రాదు.

రోజూ మాచా తాగేవాళ్లకు దీంతో ఇబ్బందే. ఒక్క గిన్నెనే రోజూ వాడితే అది ఎప్పటికీ ఆరదు. రోజూ వాడి, తుడిచి, బయటే గాలికి ఉంచి, మర్నాడు మళ్లీ వాడటం ఫర్వాలేదు, గిన్నెను మూసిపెట్టనంత వరకు బూజు అంత సులభంగా రాదు. మధ్యలో అప్పుడప్పుడు వారం సెలవు ఇవ్వండి. ఇంకా మంచి దారి, రెండు గిన్నెలు పెట్టుకుని మార్చి మార్చి వాడటం. రెండోది ఖరీదైనది కానక్కర్లేదు.

ఏ మార్పు ఎప్పుడు, ఎక్కడ

మొదట తెలిసేది లోపల అడుగున, తాగాక కొంచెం టీ నిలిచే గుంట దగ్గర. అక్కడి బీటలు లేత ఆకుపచ్చగానో, గోధుమ రంగుగానో తేలతాయి. అంతకుముందు కూడా ఆ బీటలు ఉన్నాయి, రంగు లేక కనిపించలేదు. రోజూ వాడేవాళ్లకు కొన్ని నెలల్లోనే ఇది కనిపిస్తుంది. తర్వాత గీతలు గోడల మీదికి పాకుతాయి. పెద్ద గళ్లుగా కనిపించిన చోట వాటి మధ్య చిన్న గళ్లు తేలుతాయి.

బయటివైపు మార్పు ఇంకో రకం. కొన్నిచోట్ల లోపలి తడి బయటికి వచ్చి గోడ మీద చారలుగా, మబ్బు పట్టినట్టు మచ్చలుగా ఆరుతుంది. పెంకుటింట్లో వాన కారిన గోడ మీద ఉండే మరకలాంటిది. జపనీయులూ దీన్ని వాన కారుపు అనే అంటారు, పాత కొరియా గిన్నెల్లో అలాంటి మచ్చలున్నవాటికి విలువ ఎక్కువ. కొత్తవాళ్లు మాత్రం ఈ మచ్చ చూడగానే బ్రష్ పట్టుకుని తోమడం మొదలుపెడతారు. తోమకండి. ఈ మచ్చ పొడిగా, వాసన లేకుండా, గ్లేజు కింద ఉన్నట్టు కనిపిస్తుంది. పైన నూగులా తేలి, ముక్కుకు తగిలితే అది బూజు. రెండింటికీ తేడా అదే.

టీ సంప్రదాయంలో గిన్నెకు ముందువైపు అంటూ ఒకటి ఉంటుంది, అటువైపు నుంచి తాగకుండా గిన్నెను చేతిలో తిప్పుకుని తాగుతారు. అలా తాగే అలవాటుంటే పెదవి ఆనేది దాదాపు ఒకే చోట. కొన్నేళ్లకు ఆ అంచు మెత్తగా మెరుస్తుంది, మిగతా అంచు మామూలుగానే ఉంటుంది. పాదం చుట్టూ చేయి పట్టుకునే చోట మట్టి ముదురుతుంది. గిన్నెను ఎప్పుడూ శుభ్రమైన చేతులతో పట్టుకుంటే ఆ ముదురు చక్కగా వస్తుంది.

దీన్ని తొందరపెట్టాలని కొందరు కటిక డికాక్షన్‌లో రాత్రంతా నానబెడతారు. గీతలు ఒక్క రాత్రిలో నల్లబడతాయి, నిజమే. అన్నీ ఒకేసారి, ఒకే రంగులో నల్లబడతాయి, గీసిన బొమ్మలా కనిపిస్తుంది. వాడకంతో వచ్చిన గిన్నెలో ఒక గీత ముదురు, పక్కది లేత, ఒకటి సగంలో ఆగిపోయి ఉంటుంది. అంగట్లో ‘వాడిన పాత గిన్నె’ అంటే నేను ముందు ఇదే చూస్తాను. గీతలన్నీ ఒకే ఛాయలో ఉండి పెదవి అంచు, పాదం మాత్రం కొత్తగా ఉంటే అది వాడింది కాదు, నానబెట్టింది.

ఒక గిన్నె వేగంగా మారి ఇంకోటి మారకపోవడం మామూలే. ఒకే ఆవంలో పక్కపక్కన కాలినవి కూడా ఒకేలా ఉండవు.

వాసన, బూజు వస్తే

ముక్క వాసన కొద్దిగా ఉంటే గోరువెచ్చని నీళ్లు రోజుకు రెండుసార్లు మారుస్తూ రెండు రోజులు నానబెట్టి, వారం ఆరబెట్టండి. చాలావరకు పోతుంది. బూజే పట్టి ఉంటే మెత్తని బ్రష్‌తో నీళ్ల కింద తోమి, హగి గిన్నెనైతే చల్లటి మంచినీళ్లలో పెట్టి సన్న సెగ మీద నిదానంగా మరిగే దాకా తెచ్చి, పది నిమిషాలు ఉంచి, ఆ నీళ్లలోనే చల్లారనిచ్చి, బాగా ఆరబెట్టండి. రాకు గిన్నెను, అతికించిన గిన్నెను మరిగించకూడదు. వాటికి నీళ్లు మార్చే పద్ధతే. బ్లీచింగ్ వాడితే బూజు పోతుంది, దాంతో ఇన్నాళ్ల రంగూ పోతుంది, పైగా బ్లీచ్ మట్టిలో మిగులుతుంది. నేనైతే దాని జోలికి పోను.

పగిలితే

ముక్కలన్నీ ఏరి, కడగకుండా, విడివిడిగా కాగితంలో చుట్టి దాచండి. ఇంట్లో ఉన్న ఫెవిక్విక్ తీసి అతికించకండి, తర్వాత సరిగా బాగుచేయాలన్నా దాన్ని తీయడం పెద్ద తలనొప్పి. జపాన్‌లో ఉరుషి అనే చెట్టు జిగురుతో అతికి, అతుకు మీద బంగారు పొడి చల్లుతారు, అదే కిన్‌సుగి. ఉరుషి ఎండడానికి వేడి కాదు, తేమ కావాలి. అందుకే వారాలు, నెలలు పడుతుంది. పచ్చి ఉరుషి చర్మానికి తగిలితే దద్దుర్లు వస్తాయి కాబట్టి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కిట్లు చాలావరకు ఎపాక్సీ జిగురు, బంగారు రంగు పొడి. వాటితో అతికిన గిన్నె అలంకారానికే, అందులో వేడి టీ తాగొద్దు.

పెట్టెలో దాచడం

మంచి గిన్నెతో కిరి చెక్క పెట్టె వస్తుంది. తేలికైన చెక్క అది, గాల్లో తేమ పెరిగితే కొంచెం ఉబ్బి మూత బిగుసుకుంటుంది. మూత మీద కుమ్మరి సిరాతో పేరు రాసి ముద్ర వేస్తాడు. ఆ పెట్టె పోతే గిన్నె ధర కూడా పడిపోతుంది, కాబట్టి పెట్టెను వేరే సామాన్లకు వాడుకోకండి, తడిబట్టతో తుడవకండి.

లోపల గిన్నెను చుట్టే పసుపుపచ్చ బట్ట మనకు కొత్త కాదు. ‘ఉకోన్’ అంటే పసుపే. పసుపుతో అద్దిన నూలుబట్ట పురుగును దరి చేరనివ్వదని వాళ్లూ నమ్ముతారు. ఇప్పుడు చాలావరకు రసాయన రంగే వేస్తున్నారు. పెట్టెలో బట్ట లేకపోతే మీరే నూలుబట్టను పసుపు నీళ్లలో ముంచి చేసుకోవచ్చు. అయితే రంగు దిగడం ఆగేదాకా ఉతకాలి, గిన్నె ఎముకలా ఎండి ఉండాలి. లేకపోతే గీతలు టీ రంగు బదులు పసుపు రంగు తిరుగుతాయి.

వానాకాలం మొదలయ్యాక నెలకోసారి పెట్టె తెరిచి, ముక్కు పెట్టి వాసన చూసి, గిన్నెను ఒక పూట గాలికి పెట్టండి. పెట్టెనూ మూత తీసి అలాగే ఉంచండి. నాఫ్తలీన్ ఉండలు, అగరుబత్తి, కర్పూరం ఉన్న బీరువాలో మాత్రం పెట్టొద్దు. ఆ వాసనలన్నీ చెక్క పీలుస్తుంది, చెక్కలోంచి మట్టి పీలుస్తుంది, చివరికి మీ టీలోకి వస్తాయి.